పడవ మనకిచ్చే రోజువారీ భాగ్యాలు, వాటిని నిలబెట్టే పని (హుస్సేన్ సాగర్, గోదారి, విశాఖ, టెక్సాస్)

సాగర్_గాలి (సికింద్రాబాద్)

నమస్తే అందరికి. పడమటి గాలి మొదలైంది. జూన్ నడుమ నుంచి ఆగస్టు దాక పొద్దుగూకే ముందు రెండు గంటలు హుస్సేన్ సాగర్ మీద గాలి మనదే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంల కట్టిన చెరువు, చుట్టూ ఇంత పెద్ద ఊరు, నడుమ మన తెరచాప. ఇది భాగ్యమన్న సంగతే మరిచిపోయేంత అలవాటు పడ్డం. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్న.

ఒక్కొక్కరు ఒక్క భాగ్యం చెప్పుండ్రి. అది మన చేతిల నిలవాలంటే ఏం పని చెయ్యాలె, ఏం కొలత, ఎక్కడ చెడుతది, ఇవి కూడ రాయుండ్రి. సొంత ముచ్చట్లు వద్దు. కొత్తగ వచ్చినోళ్లకు పనికొచ్చేది కావాలె.

నా వంతు: ఒడ్డుకొచ్చినంక పడవ తేలికగ ట్రాలీ ఎక్కుడు. లేజర్ అనే ఒక్కరు నడిపే తెరచాప పడవ (ఇప్పటి పేరు ఇల్కా) హల్, అంటే ఒట్టి పడవ ఒడలు, బరువు 59 కిలోలు. ఇద్దరు పడితే లేవాలె. లేస్తలేదంటే లోపల నీళ్లున్నయి. వెనక ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) మీది బిరడా విప్పి, ముక్కు ఎత్తి పట్టి, కారే నీళ్లను మగ్గుల పట్టుండ్రి. టీ గ్లాసెడు వస్తే పర్వాలేదు. లీటరు దాటితే వెతుకుడు మొదలుపెట్టాలె.

మొదలు చూడాల్సింది మాస్ట్ (తెరచాప స్తంభం) దిగే గుంత. మాస్ట్ అడుగున ఒక్క ఇసుక రవ్వ చిక్కినా చాలు. గాలికి మాస్ట్ తిరిగినప్పుడల్లా ఆ రవ్వ ఆకురాయి లెక్క ఫైబర్‌ను తింటది. పైకి ఏం కనపడది. పరీక్ష అలకటిదే: పడవను సమంగ పెట్టి, గుంతను అంచు దాక నీళ్లతో నింపి, నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, పావుగంట ఆగుండ్రి. మట్టం గీత కిందికి దిగిందంటే అడుగు చిల్లి పడ్డది. ఆ పడవను గాలిల తియ్యొద్దు. మాస్ట్ అడుగు కదిలితే డెక్కు చీలుతది, అప్పుడు మరమ్మతు ఎపాక్సీతోని అయ్యేది కాదు.

చిల్లి పడకుండ ఆపేది తడిబట్ట. మాస్ట్ నిలబెట్టే ముందు దాని అడుగు తుడువాలె, గుంత లోపల వేలికి బట్ట చుట్టి తిప్పాలె. అడుగున సన్నని టెఫ్లాన్ బిళ్ల వేస్తే ఇంకా మంచిది. మొత్తం అర నిమిషం పని.

లంకల_తెడ్డు (కోనసీమ)

మంచి మాట ఎత్తారండి. మాకు గోదారి పాయల్లో కయాక్ వేసుకుని తిరగడమే భాగ్యం. మోటారు పడవకి అందని చోట, మోకాలి లోతు నీళ్లలో, లంక గట్టుని ఆనుకుని వెళ్లొచ్చు. సీటు నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి కొంగ లేచేటప్పుడు రెక్కల చప్పుడు కూడా వినపడుతుంది.

దీన్ని నిలబెట్టేది లైఫ్ జాకెట్టేనండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పర్యాటక పడవ ప్రమాదం గోదారి మీద తిరిగేవాళ్లెవరూ మరచిపోకూడదు. జాకెట్టు ఒంటి మీద ఉండాలి. సీటు కింద ఉన్నది లెక్కలోకి రాదు.

కొనేటప్పుడు చూడాల్సిన అంకె న్యూటన్లు. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకి, సాయం దగ్గర్లో ఉన్న చోట తెడ్డు వేయడానికి. 100 న్యూటన్లది ఈత రానివాళ్లకి, పిల్లలకి. 150 న్యూటన్లది స్పృహ తప్పినవాడిని కూడా వెల్లకిలా తిప్పడానికి పనికొస్తుంది, కానీ ఫోమ్‌తో చేస్తే లావుగా ఉండి తెడ్డు వెయ్యనివ్వదు.

కొలత చూడ్డం ఇలాగండి. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, రెండు చేతులూ పైకెత్తమనండి. వెనక నుంచి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది పెద్దది. నీళ్లలో మనిషి కిందే ఉంటాడు, జాకెట్టు పైకి తేలుతుంది. పిల్లలదైతే కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి.

చెడిపోయేది రెండు తప్పుల వల్ల: మెత్తగా ఉందని దాని మీద కూర్చోవడం, ఎండలో ఆరెయ్యడం. ఫోమ్‌ని బొటనవేలితో నొక్కి వదలండి. గుంట వెంటనే పూడాలి. పూడకపోతే దాని పని అయిపోయినట్టే. గుడ్డ రంగు వెలిసి తెల్లబడిందంటే దారం కూడా బలం పోయి ఉంటుంది, కుట్టు దగ్గర గట్టిగా లాగి చూడండి. ఆరబెట్టడం ఎప్పుడూ నీడలోనే.

కొత్త_చుక్కాని (హైదరాబాద్)

తీగ లాగితే గాలి నిండే జాకెట్లు సన్నగా, హాయిగా ఉన్నాయి కదా గారూ. అవి ఎందుకు వద్దంటున్నారు?

లంకల_తెడ్డు (కోనసీమ)

వద్దనలేదండి. కయాక్‌లో మాటిమాటికీ తడుస్తాం, తనంతట తానే ఉబ్బే రకం అక్కడ పనికిరాదు. సముద్రం సంగతి విశాఖ వాళ్లు చెప్పాలి.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

చెప్తాను. 150 న్యూటన్ల గాలి జాకెట్‌లో మామూలుగా 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటుంది. తనంతట ఉబ్బే చాలా రకాల్లో ఒక చిన్న బిళ్ల ఉంటుంది, నీళ్లు తగిలితే కరిగి స్ప్రింగుని వదులుతుంది. మన తీరంలో గాలిలో ఉండే చెమ్మకే ఆ బిళ్ల మెత్తబడుతుంది. కారు డిక్కీలో, మూసిన సంచిలో పెట్టారంటే అది అక్కడే ఉబ్బి కూర్చుంటుంది. బిళ్ల మీద తేదీ ఉంటుంది, దాటితే మార్చండి.

ఏటా మూడు పనులు. సిలిండర్ని మర విప్పి బయటికి తీసి వంటింటి డిజిటల్ కాటాలో తూచండి. దాని మీద అచ్చు వేసిన కనీస బరువు కన్నా తగ్గితే పారేయండి. తుప్పు చుక్క ఉన్నా పారేయండి, ఎందుకంటే అది గుడ్డని కోస్తుంది. తర్వాత నోటి గొట్టంతో జాకెట్‌ని గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అంతే గట్టిగా ఉండాలి. ఆఖరున సిలిండర్ని చేత్తో బిగించండి. ఎవరూ చూడనిది ఇదే. పడవ అదురుకి సిలిండర్ మర వదులవుతుంది, అప్పుడు తీగ లాగినా సూది సిలిండర్ మూతి దాకా చేరదు.

ఇక నా భాగ్యం: ఒడ్డున మంచినీళ్ల కుళాయి. సముద్రంలో తిరిగి వచ్చాక ఒక పైపు, దాని చివర మంచినీళ్లు ఉండటం ఎంత పెద్ద సౌకర్యమో చెరువులో తిరిగేవాళ్లకి తెలియదు. పుల్లీలు, బ్లాకులు, చుక్కాని మడతబందులు, తాళ్లు, జిప్పులు, అన్నిటి మీదా పది నిమిషాలు పారించాలి. జోరుగా కొట్టకూడదు. జోరుకి ఉప్పు బేరింగుల లోపలికి పోతుంది. మెల్లగా పారితే కరిగి బయటికొస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని నమ్మేవాళ్లకి ఒక మాట. ఆ లోహాన్ని కాపాడేది పైనున్న సన్నని ఆక్సైడ్ పొర. గాలి తగిలినంతసేపూ ఆ పొర తనంతట తనే పూడుకుంటుంది. టేపు కింద, నట్టు కింద, తాడు చుట్టిన చోట ఉప్పునీళ్లు నిలిచి గాలి అందకపోతే పొర పూడదు, లోపల గుంటలు పడతాయి. కాబట్టి స్ప్లిట్ పిన్ను (జారకుండా కొనలు విడదీసి వంచే పిన్ను) మీద చుట్టిన టేపుని సీజనుకి ఒకసారి విప్పి చూడండి. గోధుమ రంగు మరక ఉంటే పిన్ను మార్చండి, ఖరీదు చాలా తక్కువ.

అల్యూమినియం మాస్ట్‌కి స్టీలు రివెట్ వేసిన చోట ఇంకో గొడవ. రెండు లోహాల మధ్య ఉప్పునీళ్లు చేరితే అల్యూమినియం కరుగుతుంది. రివెట్ చుట్టూ తెల్లటి పిండిలా కనిపిస్తుంది. వేసేటప్పుడే మధ్యలో లానోలిన్ గ్రీజు రాస్తే సరిపోతుంది.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు ఉన్నారు. వాళ్లలో పి. స్వాతిది మా విశాఖ, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. ఇంటికి చేరే దారిలో చుక్కాని తిప్పే యంత్రాంగం చెడి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అంత పెద్ద పడవకైనా చివరికి చూసుకోవాల్సింది పిన్నులూ మడతబందులూ బేరింగులే. మన చిన్న పడవల్లో వాటిని చేత్తో తాకి చూడగలగడం కూడా నా లెక్కలో భాగ్యమే.

బుడ్డోళ్ల_కోచ్ (హైదరాబాద్)

పిల్లల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే కూర్చుని పడవ నడపగలగడం ఆప్టిమిస్ట్ వల్ల దొరికిన భాగ్యం. 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ గీసిన పడవ ఇది. పొడవు సుమారు 2.3 మీటర్లు, హల్ బరువు 35 కిలోలు. పదిహేనేళ్ల దాకా ఇందులో పోటీ పడొచ్చు.

పిల్లని నీళ్లలోకి పంపే ముందు పెద్దవాళ్లు చేత్తో తాకి చూడాల్సినవి:

గాలి సంచులు మూడు. ముందు రోజు రాత్రి ఊది పెట్టండి, పొద్దున మెత్తబడితే మూత దగ్గర సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడొస్తుందో చూడండి. సంచి గట్టిగా ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని పట్టి ఉంచే పట్టీలు బిగుతుగా ఉండాలి. పట్టీ వదులైతే పడవ నిండినప్పుడు సంచి పైకి లేస్తుంది, పడవ అంతే లోతుకి దిగుతుంది, అప్పుడు ఎంత తోడినా అంచు మీంచి నీళ్లు వస్తూనే ఉంటాయి.

పడవ ముక్కుకి కట్టే తాడు తేలే రకం కావాలి, 5 మిల్లీమీటర్ల మందం, కనీసం 8 మీటర్ల పొడవు, అతుకు లేకుండా. గాలి ఆగిపోతే ఏడెనిమిది పడవల్ని వరసగా లాక్కొచ్చేది ఈ తాడే. నీళ్లు తోడే డబ్బా పడవకి కట్టి ఉండాలి. కట్టని డబ్బా మొదటి బోల్తాకే పోతుంది.

మాస్ట్‌ని పట్టే బిగింపు లేదా కట్టుతాడు: పడవ పూర్తిగా తిరగబడితే మాస్ట్ జారిపోకుండా ఆపేది ఇదే. పిల్లలు తొందరలో వదిలేసేదీ ఇదే. ఒకసారి మాస్ట్ పట్టుకుని పైకి లాగి చూడండి, కదలకూడదు.

ఇంకొకటి, సాగర్ నీళ్ల గురించి. కాలి మీద గీత ఉన్నా వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసి పంపండి, రాగానే సబ్బుతో స్నానం, ఆ తర్వాతే బిస్కెట్లు. వానలు పడ్డ కొత్తలో మురుగు ఎక్కువ కలుస్తుంది, అప్పుడు ఇంకా జాగ్రత్త. తర్వాత వారం రెండు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి చెరువు నీళ్లలో దిగిన సంగతి తప్పకుండా చెప్పండి.

లూయిస్‌విల్_లంగరు (డాలస్ దగ్గర)

ఇక్కడ మన తెలుగువాళ్లలో ట్రైలర్ బోట్లు ఉన్నవాళ్లు చాలామందే. మా భాగ్యం పబ్లిక్ ర్యాంపు, అంటే పడవని నీళ్లలోకి దించే వాలు. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్, ఏ చెరువైనా అరగంట, గంట దూరం. ట్రైలర్ వెనక్కి దించి, పది నిమిషాల్లో నీళ్ల మీద ఉంటాం.

ఆ పది నిమిషాలు అందరికీ దక్కాలంటే ర్యాంపు మీద పని చెయ్యకూడదు. పార్కింగ్‌లోనే వెనక పట్టీలు విప్పాలి, డ్రెయిన్ ప్లగ్గు బిగించాలి, తాళ్లూ ఫెండర్లూ (పడవ పక్కలు రాసుకోకుండా వేసే దిండ్లు) కట్టాలి, బ్యాటరీ స్విచ్ వేసి బిల్జ్ (పడవ అడుగున నీళ్లు చేరే చోటు) పంపు ఫ్లోట్‌ని వేలితో ఎత్తి పంపు తిరుగుతోందో లేదో వినాలి. ముక్కు దగ్గరి పట్టీ ఒక్కటీ నీళ్ల అంచున విప్పాలి. ప్లగ్గు మరచిపోకుండా దాన్ని ఇంజిన్ తాళంచెవికే కట్టి ఉంచండి. చెవి కావాలంటే ప్లగ్గు చేతికి రావాలి.

ర్యాంపు చేరగానే చక్రాల హబ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే బేరింగులో గ్రీజు లేదు. వేడి హబ్‌ని చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, సీలు గుండా నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. పార్కింగ్‌లో పని చేసుకునే పదిహేను నిమిషాలూ హబ్ చల్లారడానికి కూడా పనికొస్తాయి.

ఇంజిన్ వేయగానే వెనక నుంచి సన్నని నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి. ముందు ఆ రంధ్రంలో నైలాన్ తీగ పెట్టి పొడవండి. ఇక్కడ కుమ్మరి పురుగులు అందులో మట్టి గూడు కడతాయి, చాలాసార్లు అడ్డం అదే. అయినా రాకపోతే తప్పు నీటి పంపులో తిరిగే చక్రానిది, అంటే ఇంపెల్లర్‌ది. దాని రబ్బరు రెక్కలు నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా కాలిపోతాయి. 100 గంటలకి లేదా రెండేళ్లకి ఒకసారి మార్చండి. మార్చేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒక ముక్క తక్కువైతే అది లోపలే ఉంది, థర్మోస్టాట్ దగ్గర చిక్కి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు పడవల్లో నడిపేవాళ్లు ఇంజిన్ ఆపే తాడుని ఒంటికి తగిలించుకోవాలని అమెరికా ఫెడరల్ చట్టం. చట్టం సంగతి అటుంచి, మనిషి నీళ్లలో పడ్డాక నడిపేవాడు లేని పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. తాడు తగిలించుకోండి.

తిరిగొచ్చాక బురద, నాచు తీసేయాలి, నీళ్లన్నీ వదిలేయాలి, ఆరబెట్టాలి. జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప 2009లో టెక్సోమా చెరువులో బయటపడింది, అక్కణ్నుంచి చాలా చెరువులకి పాకింది. దాని పిల్లలు కంటికి కనపడవు, బిల్జ్‌లో మిగిలిన గ్లాసెడు నీళ్లలో ప్రయాణం చేస్తాయి. చెరువు వదిలే ముందు లైవ్‌వెల్ (చేపలుంచే తొట్టి), బిల్జ్, మోటారు అన్నీ ఖాళీ చెయ్యాలని 2014 నుంచి టెక్సాస్ అంతటా నియమం. ఇంకో చెరువుకి వెళ్లే ముందు వారం రోజులు ఆరనివ్వండి.

సాగర్_గాలి (సికింద్రాబాద్)

మస్తు రాసిన్రు అందరు. మనం మరిచిపోయేటోళ్లు ఇంకొకరున్నరు: సేఫ్టీ బోటు నడిపేటోళ్లు. మనం గాలిల ఆడుకుంటుంటే వాళ్లు ఎండల ఒక్కచోట తేలుకుంట చూస్తుంటరు. వాళ్ల పనిని అలక చేసుడు మన బాధ్యత.

సాగర్‌ల ఒడ్డు పక్కన లోతు తక్కువ, కింద మెత్తటి బురద. లేజర్ బోల్తా పడి పూర్తిగ తిరగబడితే మాస్ట్ కొన బురదల దిగుతది. అప్పుడు పడవను ఇష్టమున్నట్టు గుంజితే మాస్ట్ పై ముక్క రివెట్ దగ్గర వంగుతది. ముందు మెయిన్‌షీట్, వాంగ్ (తెరచాపను బిగించి పట్టే తాళ్లు) రెండు వదలాలె. మాస్ట్ ఏ దిక్కు నుంచి దిగిందో అదే గీతల మెల్లగ వెనుకకు రావాలె. ఒకరు డాగర్‌బోర్డు (అడుగు నుంచి నీళ్లల దిగే పలక) మీద బరువు పెట్టుండ్రి, సేఫ్టీ బోటు మన పడవ ముక్కును గాలి దిక్కుకు పట్టి ఉంచుతది, అంతే. ఊపొద్దు. బురద వదలనీకి నిమిషం, రెండు నిమిషాలు పడతది. మనిషి పక్కకు వచ్చినప్పుడు ఇంజిన్ బందు చెయ్యాలె, న్యూట్రల్ చాలది.

డాగర్‌బోర్డుకు సాగే తాడు కట్టి లేదంటే తిరగబడంగనే బోర్డు జారి పోతది, ఎక్కి నిలబడనీకి ఏం ఉండది. చుక్కానికి పైన స్ప్రింగ్ క్లిప్ ఉందో లేదో చూడుండ్రి. రెండు చిన్న వస్తువులు. అవి ఉంటే సేఫ్టీ బోటును పిలిచే పని సగం తగ్గుతది.

కొత్త_చుక్కాని (హైదరాబాద్)

తెరచాప తడిగా ఉంటే మాస్ట్ మీదే గాలికి ఆరనివ్వొచ్చా? ఒడ్డున చాలామంది అట్లనే వదిలేస్తున్నారు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

వద్దు. గుడ్డకి గట్టిదనం ఇచ్చేది దారాల మధ్య నింపిన రెసిన్. టపటపా కొట్టుకుంటే రెసిన్ పగిలి గుడ్డ మెత్తబడుతుంది, ఆకారం నిలవదు. మంచినీళ్లతో కడిగి, నీడలో దండెం మీద వదులుగా వేయండి. ఆరాక పైనుంచి కిందికి, బాటెన్లకి (గుడ్డలో దూర్చే సన్నని బద్దలకి) సమాంతరంగా చుట్టండి. మడత పెట్టకండి.

టెక్సోమా_కెరటం (షెర్మన్)

లంగరు గారూ, మీ పోస్టు చూసి ఒక ప్రశ్న. అవుట్‌బోర్డు (పడవ వెనక తగిలించే ఇంజిన్) గేర్ ఆయిల్ విప్పితే పాలు కలిపిన కాఫీలా వచ్చింది. ప్రొపెల్లర్ తీస్తే వెనక షాఫ్ట్‌కి చేపల గాలం తీగ చుట్టుకుని ఉంది. తీగ తీసేసి కొత్త ఆయిల్ పోస్తే ఈ వారాంతం నడపొచ్చా?

లూయిస్‌విల్_లంగరు (డాలస్ దగ్గర)

నడపొద్దు. గాలం తీగ సీలుని కోసేసింది, నీళ్లు అక్కణ్నుంచే వచ్చాయి. కొత్త ఆయిల్ కూడా రెండు గంటల్లో అలాగే అవుతుంది, అంతలోపు గేర్లూ బేరింగులూ తుప్పు పడతాయి. మొదట షాఫ్ట్ సీళ్లు మార్పించి, ఆయిల్ పోసే ముందు గేర్ కేసుని గాలి ఒత్తిడితో పరీక్ష చేయమనండి. ఒత్తిడి చూపే ముల్లు దిగకుండా నిలబడాలి.

పాత ఆయిల్ పారేసే ముందు కింది స్క్రూ చివరున్న అయస్కాంతం చూడండి. బూడిద రంగు ముద్దలా ఉంటే మామూలే. రేకుల్లా, గోటికి గుచ్చుకునేలా ఉంటే గేర్లు కూడా విప్పాలి.

కొత్త ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచే పంపుతో ఎక్కించండి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కి, నిండినట్టు కనిపించి తక్కువ పడుతుంది. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ కారడం మొదలయ్యాక ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాత కింద పంపు తీసి చటుక్కున కింది స్క్రూ పెట్టండి. రెండిటికీ కొత్త వాషర్లు వేయండి. ఇకనుంచి నెలకోసారి ప్రొపెల్లర్ తీసి ఆ షాఫ్ట్ చూడండి. స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు ఏ వరసలో వచ్చాయో ఫోన్లో ఫోటో తీసుకుంటే తిరిగి వేసేటప్పుడు తడుముకోరు.